బొలోన్యా: వానలోనూ నడిచి చూడగల ఊరు

ఇటలీ ప్లాన్ వేసుకునే మనవాళ్ళలో చాలామందికి బొలోన్యా అంటే ఫ్లోరెన్స్ నుంచి వెనిస్ వెళ్తూ దాటిపోయే స్టేషన్. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని కాలినడకన ఊరు చూడాలంటే మాత్రం నేను మొదట చెప్పే పేరు ఇదే. అమ్మతో కలిసి నవంబరులో వెళ్ళాను. వాన పడుతూనే ఉంది, మేం తిరుగుతూనే ఉన్నాం.

అదంతా పోర్టికోల పుణ్యం. మన పాత ఇళ్ళ ముందుండే వసారా వీధి పొడవునా తెగకుండా సాగితే ఎలా ఉంటుందో అలా ఉంటాయవి. పాత ఊళ్ళోనే దాదాపు 38 కిలోమీటర్లు. యూనివర్సిటీకి విద్యార్థులు పోటెత్తి ఇళ్ళు చాలకపోవడంతో, పై గదులను వీధి మీదికి పెంచి కింద స్తంభాలు నిలబెట్టారు. 1288లో ఊరి చట్టం వాటిని తప్పనిసరి చేసింది. గుర్రం మీద మనిషి వెళ్ళేంత ఎత్తు ఉండాలన్నది షరతు. స్ట్రాడా మజ్జోరే వీధిలో కోర్తే ఇసొలానీ దగ్గర పొడవాటి చెక్క స్తంభాల మీద నిలబడ్డ పాతకాలపు పోర్టికో ఇంకా ఉంది, తప్పక చూడండి. నేల చాలాచోట్ల నున్నగా ఉంటుంది కాబట్టి జారని బూట్లు వేసుకోవాలి.

ఊరి ప్రధాన కూడలి పియాజ్జా మజ్జోరేలో సాన్ పెత్రోనియో చర్చి 1390లో మొదలై, ముందు గోడ సగం పాలరాయి, సగం ఇటుకలతో అలాగే ఆగిపోయింది. లోపల నేల మీద ఖగోళ శాస్త్రవేత్త కస్సిని 1655లో గీయించిన మధ్యాహ్న రేఖ ఉంది, పొడవు దాదాపు 67 మీటర్లు. ఎండ ఉంటే మిట్టమధ్యాహ్నం పైకప్పు రంధ్రంలోంచి పడ్డ వెలుగుచుక్క ఆ గీతను దాటుతుంది. పక్కనే పొదెస్తా భవనం కింద కమాను ఉంది. ఒక మూల గోడకు ముఖం పెట్టి గుసగుసలాడితే ఎదురు మూలలో వినిపిస్తుంది. అమ్మ అటు నుంచి "ఆకలేస్తోందిరా" అంటే చెవి పక్కనే అన్నట్టు వినిపించింది.

నాకు అన్నిటికంటే నచ్చింది పాత యూనివర్సిటీ భవనం ఆర్కిజిన్నాజియోలోని అనాటమీ థియేటర్, అంటే ఒకప్పుడు శవాలను కోసి విద్యార్థులకు పాఠం చెప్పిన గది. గది మొత్తం చెక్కపనే. నడుమ తెల్లటి పాలరాయి బల్ల, చుట్టూ మెట్లుమెట్లుగా విద్యార్థుల బెంచీలు. గురువు కుర్చీ మీది గొడుగును చర్మం ఒలిచిన ఇద్దరు మనుషుల బొమ్మలు మోస్తుంటాయి, కండరాలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. 1944 జనవరిలో బాంబు పడి ఇదంతా కూలిపోతే, దొరికిన ముక్కలు ఏరి మళ్ళీ కట్టారు. ఆ ఓపికకు దండం పెట్టాలి. టికెట్ కొద్ది యూరోలే, దానికి వెనకాడకండి.

ఊరి జంట గోపురాల్లో బాగా వాలిన గరిజెండాలో అసాధారణ కదలికలు కనిపించాయని 2023 అక్టోబరు నుంచి రెండు గోపురాల దగ్గరికీ పోనివ్వడం లేదు. బయటి నుంచి చూడటమే.

సాన్ లూకా చర్చి ఉన్న కొండకు పోర్టికో కిందే 666 కమానులు దాటుకుంటూ వెళ్ళొచ్చు. మెలొన్చెల్లో కమాను దాకా చదును, ఆ తర్వాత మెట్లూ ఏటవాలూ గట్టిగానే ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పియాజ్జా మజ్జోరే నుంచి వెళ్ళే చిన్న టూరిస్టు బండి ఎక్కడం మేలు. అమ్మను అందులో పంపి నేను నడిచాను.

శాకాహారులు తొర్తెల్లీనీ అనే కూరిన పాస్తా జోలికి పోవద్దు, లోపల మాంసం ఉంటుంది. పేరు దగ్గరగా ఉండే తొర్తెల్లోనీ సాధారణంగా రికోటా జున్నుతో చేస్తారు. వెన్న, సేజ్ ఆకులతో వేడివేడిగా తెచ్చిస్తే అమ్మ ప్లేటు ఖాళీ చేసింది. పార్మిజానో జున్నులో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు, నిష్ఠగా ఉండేవాళ్ళు వద్దని ముందే చెప్పాలి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటశాలలు మూసేసి మళ్ళీ రాత్రికే తెరుస్తారు. బిల్లులో కోపెర్తో అని మనిషికి ఇంత కలుపుతారు, అది మామూలే.

బస విషయంలో నా ఓటు పాత ఊరి నడిబొడ్డుకే. స్టేషన్ దగ్గర కొంత చవక దొరకొచ్చు గానీ, మధ్యాహ్నం గదికొచ్చి అమ్మ నడుం వాల్చగలగడం మాకు ఎక్కువ విలువ. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో లిఫ్ట్ ఉందన్నారు, తీరా చూస్తే అది మొదలయ్యేది మొదటి అంతస్తు నుంచి. పెట్టెలు మోయలేక చచ్చాం. బుక్ చేసేముందు లిఫ్ట్ వీధి స్థాయి నుంచే ఉందా అని మెసేజ్ పెట్టి అడగండి. ట్రేడ్ ఫెయిర్లు జరిగే రోజుల్లో రేట్లు బాగా పెరుగుతాయి, తేదీలు చూసుకున్నాకే డబ్బు కట్టండి.