అరికాలి పుండుకి ఏది మేలు: ఆయింట్‌మెంటా, పిండికట్టా, చెప్పా?

కుష్ఠు విభాగంలో ఫిజియోథెరపీ పని చేసినన్నాళ్లూ నన్ను జనం ఎక్కువగా అడిగింది ఒకటే: "దీనికేం మందు రాయాలి?" ఒకామె ఇప్పటికీ గుర్తుంది. సంతల్లో కూరగాయలు అమ్మేది. గుడ్డసంచిలోంచి నాలుగు ఆయింట్‌మెంటు ట్యూబులు తీసి వరసగా బల్ల మీద పెట్టింది. అన్నీ సగం నొక్కేసినవే. ఎడమ అరికాల్లో, బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ చర్మం తెల్లగా కాయ కాసి, గట్టిపడిపోయి ఉంది. బస్టాండు నుంచి నెత్తిన గంపతో నడిచే వచ్చింది. ఎక్కడా కుంటలేదు.

"నొప్పి నేదు కదా బాబూ, నడిత్తే ఏటవుద్ది?" అంది.

మన కాల్లో ముల్లు దిగితే కుంటుతాం. ఎవరూ చెప్పక్కర్లేదు, కాలే బరువుని పక్కకి జరుపుకుంటుంది. రెండు రోజులు అలా కుంటితే గాయం మానిపోతుంది. ఆ కుంటడమే సగం వైద్యం. కుష్ఠులో చీలమండ లోపలివైపు నుంచి అరికాల్లోకి దిగే నరం దెబ్బతింటే ఈ ఏర్పాటు పోతుంది. చెమట కూడా పట్టదు కాబట్టి చర్మం ఎండి పగుళ్లిస్తుంది. వేళ్లు వంకర తిరిగితే బరువంతా వేళ్ల మొదళ్ల మీదే పడుతుంది. అందుకే ఈ పుళ్లు మడమ కంటే పాదం ముందు భాగంలోనే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇంకో అపోహ గురించి ముందే చెప్పాలి. "పుండు మానలేదంటే రోగం ఇంకా లోపల ఉన్నట్టే కదా, మళ్లీ ఎండీటీ ఇవ్వండి" అంటారు. ఎండీటీ అంటే రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫజిమిన్ కలిపిన కోర్సు. మచ్చలు అయిదు దాకా ఉంటే 6 నెలలు, అంతకు మించితే 12 నెలలు. అది క్రిమిని చంపుతుంది, చచ్చిన నరాన్ని లేపదు. కోర్సు పూర్తయ్యాక అరికాల్లో వచ్చే ఈ పుండు స్పర్శ పోవడం వల్ల వచ్చింది. దాన్నుంచి ఎవరికీ కుష్ఠు అంటదు. ఆ మనిషికి విడిగా కంచం పెట్టడంలో అర్థం లేదు.

నరం సంగతికొస్తే, ఎంత త్వరగా వస్తే అంత మంచిది. స్పర్శ పోయి ఆరు నెలల లోపైతే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో తిరిగొచ్చే అవకాశం బాగా ఉంది. ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, ఇండోనేషియాల్లో 868 మంది మీద 20 వారాల కోర్సునీ 32 వారాల కోర్సునీ పోల్చి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల్లోనూ నూటికి 78 మంది దాకా మెరుగయ్యారు. అంటే 20 వారాలు సరిపోతుంది, మిగతా 12 వారాలు ఊరికే స్టెరాయిడ్ మింగినట్టే. ఆరు నెలలు దాటి రెండేళ్ల లోపున్న పాత నష్టం మీద అంతకుముందు నేపాల్, బంగ్లాదేశ్‌లలో చేసిన ట్రయల్‌లో స్టెరాయిడ్ వల్ల లాభం కనపడలేదు. మనం మాట్లాడుకునే కాళ్లు ఈ రెండో రకానివి. స్పర్శ ఇక రాదు అనుకునే మొదలుపెట్టాలి.

మరి అలాంటి కాలి పుండు మానుతుందా? బాగానే మానుతుంది. 1946లో వేలూరు సీఎంసీకి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ చూపించిన ముఖ్యమైన విషయం ఇదే. కుష్ఠు వచ్చిన వాళ్ల వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని డాక్టర్లు కూడా నమ్మే రోజులవి. వాళ్ల కండ అందరి కండలాగే మానుతుందనీ, మళ్లీ మళ్లీ తగిలే దెబ్బే దాన్ని మాననివ్వడం లేదనీ ఆయన నిరూపించాడు. కాబట్టి మన ముందున్న నాలుగు దారుల్లో ఏది ఆ దెబ్బని ఎంతవరకు ఆపుతుందన్నదే నేను చూసే కొలత.

ఆయింట్‌మెంట్లతో మొదలుపెడదాం, జనం డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. కుష్ఠు పుళ్ల మీద జరిగిన ట్రయల్స్‌ని 2008లో, వైద్య పరిశోధనల్ని పోగేసి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్లు ఏరి చూస్తే లెక్కలోకి వచ్చినవి ఎనిమిది. అందరూ కలిపి 557 మంది. చాలావాటి నాణ్యత అంతంతమాత్రమే. వాటిలో కాస్త ఆశ కలిగించింది ఫెనిటోయిన్, అంటే మనకి తెలిసిన ఫిట్స్ మాత్రే. అది మింగేవాళ్లకి చిగుళ్లు మందంగా పెరుగుతాయి. చిగురు పెంచేది పుండులో కండ పెంచదా అని ఎవరికో తట్టింది. ఉత్త సెలైన్ కట్టు కంటే ఫెనిటోయిన్ కట్టు మెరుగని రెండు ట్రయల్స్‌లో తేలింది. కాదనను. కానీ గంప మోసే మనిషి రోజుకి అయిదు వేల అడుగులు వేసిందనుకుంటే, రెండున్నర వేల సార్లు ఆ పుండు మీద మొత్తం ఒంటి బరువూ గంప బరువూ పడుతున్నాయి. పొద్దున రాసిన మందు సాయంత్రానికి ఎంత పని చేసి ఉంటుంది? పుండుని శుభ్రంగా, తడిగా ఉంచితే చాలు. దానికి సెలైన్, గాజుగుడ్డ సరిపోతాయి. ఆ నాలుగు ట్యూబుల డబ్బు పెడితే ఆమెకి మంచి చెప్పులే వచ్చేవి.

రెండో దారి వార్డులో పడక. పుండు ఖాయంగా మానుతుంది. కాలు కింద పెట్టకుండా ఆరు వారాలు ఉంటే మామూలు పుళ్లు చాలావరకు పూడుకుపోతాయి. చీము, వాపు, జ్వరం, చెడు వాసన ఉన్నా, ఎముక ముక్క బయటికొస్తున్నా ఇక పోలికలు అనవసరం, ఆసుపత్రిలో చేరాల్సిందే. చిక్కల్లా కూలి దగ్గరే. ఆరు వారాలు ఇంటికి ఎవరు తెచ్చిపెడతారు? పుండు మానింది కదా అని డిశ్చార్జ్ అయిన రోజే అదే చెప్పులేని కాలితో పొలంలోకి దిగితే, పండక్కి మళ్లీ అదే వార్డులో అదే మంచం.

ఇక పిండికట్టు. మోకాలి కింద నుంచి వేళ్ల దాకా పాదానికి అతుక్కున్నట్టు వేసే కట్టు ఇది. విరిగిన ఎముకకి వేసేదానిలా దూది దట్టంగా పెట్టరు. పాదం ఆకారం, పిక్క ఆకారం అచ్చు దిగేట్టు ప్లాస్టర్‌ని అరచేత్తో రుద్దుతూ పోతారు. కింద నడవడానికి మడమలాంటి దిమ్మో ఇనప కమ్మీయో బిగిస్తారు. అప్పుడు అడుగు వేసినప్పుడు పడే బరువు ఒక్క వేలి మొదట్లో కాకుండా పాదమంతా పరుచుకుంటుంది, కొంత పిక్క మీదికి కూడా పోతుంది. చీలమండ కదలదు, కాబట్టి ముందు పాదం మీద తోసి నడిచే పనీ ఉండదు. ఇది కుష్ఠు ఆసుపత్రుల్లో పదునెక్కిన పద్ధతి. బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక అక్కణ్ణుంచి, షుగర్‌తో స్పర్శ పోయిన కాళ్లు చూసే డాక్టర్లకి పాకింది. ఇవాళ షుగర్ పాదానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదట చెప్పేది కూడా మోకాలి దాకా ఉండే, ఊడదీయరాని సాధనమే. హైదరాబాద్‌లో, విజయవాడలో షుగర్ పుండుకి ఇలాంటి కట్టు వేయించుకునేవాళ్లకి అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పరనుకుంటా.

"ఊడదీయరాని" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అమెరికాలో షుగర్ పుళ్లున్న వాళ్లకి తీసి పెట్టుకునే బూటు ఇచ్చి, వాళ్లకి తెలియకుండా అడుగులు లెక్కపెట్టారు. బూటు వేసుకుని నడిచినవి నూటికి 28 అడుగులే! వాళ్లు అబద్ధాలకోరులని కాదు. నొప్పి లేని కాలికి బూటు ఎందుకో ఒంటికి గుర్తుండదు. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్లేటప్పుడు, వంటింట్లోకి నాలుగడుగులు వేసేటప్పుడు ఎవరు బిగించుకుంటారు? పిండికట్టుకి ఆ బాధ లేదు. పోయిన నొప్పి చేయాల్సిన కాపలా అది చేస్తుంది. కోక్రేన్ చూసిన ట్రయల్స్‌లో ఒకదాంట్లో పడవ అడుగులాంటి ప్రత్యేకమైన బూట్లు కూడా పుండు మాన్పడంలో పిండికట్టు అంత పని చేయలేదు.

దీని లోపాలూ దాచను. లోపల చీము ఉండగా కట్టు వేస్తే కాలికే ముప్పు. ముందు దాన్ని తగ్గించి, కాయకాసిన అంచు బ్లేడుతో చెక్కి, అప్పుడు వేయాలి. షుగర్ వాళ్లకైతే కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో ముందు చూడాలి. వాపు దిగితే కట్టు వదులై లోపల రాసుకుని కొత్త పుండు పడుతుంది, అదీ వాళ్లకి తెలియదు. కాబట్టి మొదటి వారంలోనే ఒకసారి విప్పి చూసి మార్చాలి. వర్షాకాలం మాగాణిలో పని చేసేవాళ్లకి కుదరదు. ఇంకో కాలికీ స్పర్శ లేకపోతే దాని మీద బరువు పెరుగుతుంది, రోజూ దాన్నీ చూసుకోవాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, సరిగ్గా వేసే చెయ్యి దొరకడం. చేతకాని కట్టు కంటే మంచం మేలు.

చెప్పుల సంగతి వేరు. వాటి అసలు పని మానిన కాలిని మళ్లీ పుండు పడకుండా కాయడం. లోతైన పుండుతో ఉన్న కాలికి చెప్పులిచ్చి పంపడం నాకు ఎప్పుడూ మనస్కరించలేదు. ప్రభుత్వ కార్యక్రమంలో ఏడాదికి రెండు జతలు ఎంసీఆర్ చెప్పులు ఉచితంగా ఇస్తారు. లోపల మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు, కింద ముల్లు దిగని గట్టి అడుగుభాగం. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నొక్కితే మెత్తని పొర మందం సగానికి దిగి, వదలగానే పైకి రావాలి. దిగకపోతే అది గట్టి రబ్బరు, పనికిరాదు. దిగి అక్కడే ఉండిపోతే అరిగిపోయింది, మార్చాలి. మేకులు ఎక్కడా ఉండకూడదు, కుట్టూ జిగురే. వేళ్ల మధ్య దూరే పట్టీ వద్దు. మడమ వెనక పట్టీ ఉండాలి, లేకపోతే చెప్పు జారిపోయినా తెలియక ఒంటికాలి చెప్పుతో ఇంటికొచ్చేవాళ్లని చూశాను. బకిల్‌కి బదులు వెల్‌క్రో ఎందుకంటే వేళ్లు వంగిపోయిన చేతికి బకిల్ లొంగదు.

ఇంత బాగా ఆలోచించిన చెప్పుని చాలామంది సంచిలో పెట్టుకుని వచ్చి, క్లినిక్ గుమ్మం దగ్గర తొడుక్కునేవాళ్లు. ఆ నల్ల రంగూ, ఆ వాటమూ చూస్తే ఊళ్లో అందరికీ ఫలానా జబ్బని తెలిసిపోతుంది. పెళ్లికెదిగిన కూతురున్న తల్లి వేసుకోనంటే నేనేమనగలను? ఇథియోపియాలో కుష్ఠు వచ్చినవాళ్లకి కాన్వాస్ బూట్లూ, ప్లాస్టిక్ బూట్లూ ఇచ్చి పోల్చిచూస్తే రెంటికీ పెద్ద తేడా కనిపించలేదు. అది చదివాక నాకు ధైర్యమొచ్చింది. వాపు లేని, వేళ్లు మరీ వంకరపోని కాలికి బజారులో దొరికే మామూలు శాండిల్‌లో ఎంసీఆర్ పొర వేయించుకోమని చెప్పడం మొదలుపెట్టాను. చూడ్డానికి అందరి చెప్పుల్లాగే ఉంటుంది. పాదం ఆకారమే మారిపోతే మాత్రం ఇది చాలదు, కొలత తీసి చేయించాల్సిందే.

ఇంట్లో చేసుకునే పనికి పోటీ లేదు, పై వాటిలో ఏది ఎంచుకున్నా అది ఉండాల్సిందే. మామూలు నీళ్లలో ఇరవై నిమిషాలు కాళ్లు నానబెట్టి, కాయల్ని గరుకు రాయితో రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. పిండికట్టు ఉన్న కాలిని మాత్రం తడవనివ్వకూడదు. రాత్రి పడుకునే ముందు అరికాలిని చేతి వెనకవైపుతో తడిమి చూడాలి, చేతికి స్పర్శ లేకపోతే ఇంట్లోవాళ్ల చేత చూపించుకోవాలి. ఒకచోట మిగతా కాలి కంటే వేడిగా ఉంటే పుండు తయారవుతోందని అర్థం. రెండు రోజులు నడక తగ్గిస్తే అక్కడితో ఆగిపోతుంది. ఇది ఖర్చు లేని పరీక్ష, నేను చూసిన వాటన్నిటిలోకీ ఎక్కువ కాళ్లు కాపాడింది.

నా మాట అడిగితే: చీము లేని లోతైన పుండుకి, వేసే చెయ్యి దగ్గర్లో ఉంటే, పిండికట్టు. చీముంటే ముందు పడక. చిన్న పైపై పుండుకి, చెప్పింది వినే మనిషికి, మెత్తని చెప్పూ నడక తగ్గించడమూ చాలు. ఆయింట్‌మెంటు ఉంటే రాసుకోండి, కొనడానికి అప్పు మాత్రం చేయకండి.

సంత ఆమెకి పిండికట్టే వేశాం. కూతురు ఆ వారాల్లో గంప మోసింది. ఆరో వారం కట్టు కోస్తే లోపల గులాబీ రంగులో పలచని కొత్త చర్మం. అందరం సంబరపడ్డాం. చెప్పులు పంపమని ఇండెంట్ ఆ రోజే రాశాను. అవి వచ్చేసరికి రెండు నెలలు పట్టింది, వచ్చినవి ఆమె కాలికి రెండు వేళ్లు పెద్దవి. అప్పటికే పుండు మళ్లీ తెరుచుకుంది. తప్పు నాది కూడా. రెండోసారి కట్టు వేయడానికి ప్లాస్టర్ తడపకముందే నేల మీద తెల్లకాగితం పరిచి, ఆమె రెండు పాదాలూ దాని మీద పెట్టించి, పెన్సిల్‌తో చుట్టూ గీత గీసుకున్నాను. ఆ కాగితం ఆ మధ్యాహ్నమే చెప్పులు కుట్టే ఆయన చేతికి వెళ్లింది. కట్టు కోసిన రోజున చెప్పులు బల్ల కింద ఉన్నాయి.