స్ట్రాబెర్రీ మొక్క కొండ మీంచి తెచ్చుకోవాలా, మన రకం మనమే పుట్టించాలా?

మా మేనల్లుడు అగ్రికల్చర్ బీఎస్సీ పూర్తి చేసి వచ్చాడు. కడియపులంకలో మాకున్న నర్సరీ పెద్దదేం కాదు. గులాబీలు, చామంతులు, మామిడి, సపోటా అంట్లు, మధ్యలో ఏడాదికొక కొత్త గిరాకీ. చలికాలంలో కుండీల్లో స్ట్రాబెర్రీ కూడా పెడతాం. మొక్కకి ఒకటో రెండో ఎర్రటి కాయలుంటే చాలు, కారు ఆపి దిగినవాళ్లు బేరం కూడా ఆడకుండా పట్టుకుపోతారు. మార్చి దాటాక అవే మొక్కల గురించి ఫోన్లు మొదలవుతాయి. "ఏవండీ, మీ దగ్గర కొన్నది మాడిపోయిందండీ!"

ఆ ఫోన్లు వినీ వినీ వాడొకరోజు అన్నాడు: "మావయ్యా, ఎన్నాళ్లని ఎవరి రకాలో తెచ్చి అమ్ముతాం? గోదావరి ఎండకి తట్టుకునేది మనమే తయారు చేద్దాం." నేను ఔననలేదు, కాదనలేదు. నెల రోజులు ఇద్దరం వాదించుకున్నాం. ఆ వాదనలో తేలిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన చోటు సంగతి. స్ట్రాబెర్రీకి చలి కావాలంటారు, అది సగమే నిజం. మన దేశంలో వేసే రకాల్లో ఎక్కువ భాగం పొద్దు తగ్గితే పూమొగ్గ వేసేవి. పగలు సుమారు 14 గంటల లోపుంటే వాటికి చాలు. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గరున్నాం, జూన్‌లో అతి పెద్ద పగలు కూడా 13 గంటల చిల్లరే. అంటే పొద్దు లెక్కన మొక్కకి ఇక్కడ ఏడాదంతా అభ్యంతరం లేదు. అడ్డం పడేది వేడి, అందులోనూ రాత్రి వేడి. మహాబలేశ్వరం 1,300 మీటర్లకు పైనుంది, మన లంబసింగి వెయ్యి మీటర్ల దగ్గరుంది. కడియంలో సంక్రాంతి రాత్రి కూడా 18 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రాత్రి చల్లబడకపోతే పూత తగ్గుతుంది. కాయ తొందరపడి ఎర్రబడుతుంది, చిన్నదిగా, చప్పగా ఉంటుంది.

వేడి తర్వాత ఉప్పు. నేల ఉప్పుదనం కొలిచే లెక్కలో వరి 3 యూనిట్ల దాకా దిగుబడి తగ్గకుండా నెట్టుకొస్తుంది. స్ట్రాబెర్రీకి 1 దాటితేనే దెబ్బ, ఆపైన ఒక్కో యూనిట్‌కి మూడో వంతు పంట పోతుంది. కోనసీమలో సముద్రం వైపు ఉప్పు తగిలిన బోరు నీళ్లతో ఈ పంట జోలికి వెళ్లకపోవడమే మంచిది. లంకల్లో ఇసుక కలిసిన నేల, కాలవ నీళ్లు చాలా నయం. కొబ్బరి పొట్టు మనకి కొదవలేదు కాబట్టి గ్రో బ్యాగుల్లో వేద్దామంటారు. వేయొచ్చు, కానీ ఆ పొట్టులోనూ ఉప్పుంటుంది. మంచినీళ్లతో బాగా కడిగితే తప్ప పనికిరాదు.

ఇక దారులు. తయారైన రకాన్ని ఏటా తెచ్చుకోవడం ఒకటి. స్ట్రాబెర్రీ దేశం మొత్తంలో పండేదాంట్లో దాదాపు 85 శాతం మహాబలేశ్వరం, పంచగని చుట్టుపక్కలదే. ఆ ఊరి సరుకని చెప్పుకునే జీఐ గుర్తింపు కూడా 2010లో వచ్చింది. అయినా అక్కడ వేసేవాటిలో పేరున్నవి అక్కడ పుట్టినవి కావు. చాండ్లర్, కామరోసా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానివి. స్వీట్ చార్లీ, వింటర్ డాన్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానివి. ఫ్లోరిడా రైతులది ఇంకా విడ్డూరం. రకం వాళ్లదే, కానీ నాటే మొక్కల్ని ఏటా కెనడా నుంచీ ఉత్తర కాలిఫోర్నియా నుంచీ తెప్పించుకుంటారు. ఆ ఉక్కపోత వేసవిలో తల్లి మొక్కల్ని కాపాడేకన్నా చలిచోట పెరిగినవి కొనుక్కోవడమే వాళ్లకి గిట్టుబాటు. ఈ మాట చెప్పాక మావాడు కాసేపు నోరెత్తలేదు. నా పక్షాన ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు మరి.

తెచ్చుకోవడంలో మేలేమిటంటే మొదటి ఏడాదే కాయ చూస్తాం, రుచి ముందే తెలుసు, రకం పేరు చెబితే కొనేవాడు గుర్తుపడతాడు. కీడు కూడా ఉంది. మూడేళ్ల క్రితం మేం తెప్పించిన ఒక లోడులో వేళ్లు అప్పటికే నల్లబడి ఉన్నాయి. పది రోజుల్లో సగం పోయాయి. అమ్మినవాళ్లు దారిలో ఎండ తగిలిందన్నారు. మాకైతే మొదలు కుళ్లు అక్కడి నుంచే వచ్చిందనిపించింది. రన్నర్‌తో పెంచే పంటకి ఇదే శాపం. రన్నరంటే తల్లి మొక్క నుంచి నేల మీద పాకే తీగ, దాని మీదే పిల్ల మొక్క వేళ్లూనుతుంది. తల్లికున్న తెగులు పిల్లకి కట్నంలా వెంట వస్తుంది.

తెచ్చుకునేవాళ్లు ఏ కోవకి చెందినవి తేవాలి? పొద్దుతో సంబంధం లేకుండా పూసే రకాలున్నాయి, ఆల్బియన్ అలాంటిదే. ఆ గుణం యూటాలోని వాసాచ్ కొండల అడవి స్ట్రాబెర్రీది. కాలిఫోర్నియాలో బ్రింగ్‌హర్స్ట్, వోథ్ అనే ఇద్దరు 1950లలో మొదలుపెట్టి దాన్ని సాగు రకాల్లోకి దింపారు, మొదటి రకాలు 1979 ప్రాంతంలో వచ్చాయి. "ఏడాది పొడుగునా కాయ" అని వినగానే మావాడి కళ్లు మెరిశాయి. కానీ మనకి పొద్దు ఎప్పుడూ అడ్డే కాదని పైన చూశాం కదా. ఎండ ముదిరితే ఇవీ పూత ఆపేస్తాయి. లేని జబ్బుకి మందు కొనడం లాంటిదే ఇది. నా ఓటు ఫ్లోరిడా కోవకే. అవి చలి అంతగా లేని శీతాకాలంలో తొందరగా కాపుకొచ్చేలా ఏరినవి. మనకి అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల భయం, ఫిబ్రవరి చివరికల్లా ఎండ. మధ్యలో మిగిలేది మూడు నెలలే. తొందరగా కాసేదే మనకి పనికొచ్చేది.

తెచ్చినవాటిలో తేడాగా కనిపించిన మొక్కని పట్టుకుని దాన్నే పెంచడం రెండో దారి. టిష్యూకల్చర్ అరటి తోటల్లో అప్పుడప్పుడు ఒక చెట్టు తేడాగా రావడం చూసే ఉంటారు. స్ట్రాబెర్రీలోనూ వస్తుంది. పైసా ఖర్చు లేదు, కళ్లు తెరిచి తిరిగితే చాలు. కానీ తేడా వచ్చినవాటిలో ఎక్కువ భాగం తల్లికన్నా తీసికట్టే. దీన్ని నమ్ముకుని కూర్చోవడం లాటరీ టికెట్ కొని ఇల్లు కట్టుకుందామనుకోవడమే.

విత్తనంతో వేసే ఎఫ్1 (రెండు స్థిరమైన రకాల్ని కలిపితే వచ్చే మొదటి తరం) స్ట్రాబెర్రీలు కూడా ఉన్నాయి, నెదర్లాండ్స్ వాళ్లు తయారు చేశారు. గింజతో వేస్తే రన్నర్‌తో వచ్చే తెగుళ్ల బెడద చాలావరకు ఉండదు. కానీ అలాంటివి తయారు చేయాలంటే ముందు తల్లినీ తండ్రినీ తరాల తరబడి తమలో తామే కలిపి స్థిరం చేయాలి. అలా చేస్తే స్ట్రాబెర్రీ బలం తగ్గి నీరసిస్తుంది. కొనుక్కుని కుండీలో పెట్టి అమ్మడానికి బాగుంటాయి. ఎఫ్1 తయారీ మాత్రం మనలాంటి వాళ్ల పని కాదు.

మావాడు పట్టుబట్టిన దారి మాత్రం క్రాసింగ్, అంటే ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వుకి అద్ది కొత్త మొక్క పుట్టించడం.

మామిడి టెంక పాతితే తల్లి రాదని కడియంలో చిన్నపిల్లాడికీ తెలుసు. స్ట్రాబెర్రీ గింజా అంతే, ఏ రెండు మొక్కలూ ఒకలా ఉండవు. అసలా మొక్క పుట్టుకే కలయిక. ఫ్రెజియే అనే ఫ్రెంచి అధికారి 1714లో చిలీ నుంచి పెద్ద కాయల రకం తెచ్చాడు. ఆ మొక్కలు ఆడవి కావడంతో ఫ్రాన్సులో చాలాకాలం సరిగా కాయలేదు. పక్కన ఉత్తర అమెరికా నుంచి వచ్చిన వర్జీనియా రకం పుప్పొడి పడ్డాక కాసాయి. ఆ రెండింటి బిడ్డే మనం తింటున్న స్ట్రాబెర్రీ అని 1766లో డ్యుషేన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు తేల్చాడు. ఎవరూ ప్లాన్ వేసి చేసిన పని కాదది. వరికి 24 క్రోమోజోములైతే దీనికి 56, ఎనిమిది సెట్లు. కలిపినప్పుడు ఏ గుణం ఎటు పోతుందో ఊహించడం కష్టం.

అయితే ఒక సంగతిలో స్ట్రాబెర్రీ వరికన్నా సుళువు. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో వశిష్ట, మసూరి అనే రెండు వరి రకాల్ని కలిపి స్వర్ణ తీశారు, 1982లో విడుదలైంది. వరిలో కలపడంతో పనైపోదు. తరం తర్వాత తరం ఏరుకుంటూ వెళ్లి, విత్తనం వేస్తే తల్లిలాగే వచ్చేదాకా స్థిరం చేయాలి. స్ట్రాబెర్రీలో ఆ అవసరమే లేదు. మొదటి తరంలో ఒక్క మంచి మొక్క దొరికితే దాని రన్నర్లన్నీ అచ్చం అదే. మంచి మామిడి చెట్టు కనిపిస్తే అంట్లు కట్టినట్టే. ఆ ఒక్క మొక్క దొరకడమే కష్టం.

కలపడం మన నర్సరీ చేతులకి కొత్త పనేం కాదు. తెల్ల రేకులు కనిపిస్తూ ఇంకా విచ్చని మొగ్గ పట్టుకోవాలి. చిన్న పట్టకారుతో కేసరాలన్నీ తీసేసి, పేపరు సంచి తొడగాలి. తండ్రి రకం పూల నుంచి కేసరాలు తెచ్చి ఒక రాత్రి ఆరబెడితే పుప్పొడి రాలుతుంది. దాన్ని మెత్తటి బ్రష్షుతో మధ్యనున్న ఆడ భాగం అంతటా అద్దాలి. సరిగ్గా అద్దకపోతే కాయ వంకరగా వస్తుంది. నెల రోజుల్లో పండుతుంది. పండు మీదుండే గింజల్ని గీరి, ఆరబెట్టి, ఫ్రిజ్‌లో కొన్ని వారాలు చల్లగా ఉంచి, మట్టి కప్పకుండా పైనే చల్లాలి. వెలుతురు తగిలితే బాగా మొలుస్తాయి.

ఒక పండుకి దాదాపు రెండొందల గింజలుంటాయి. సగమే మొలిచినా పాతిక పండ్లతో రెండున్నర వేల మొక్కలు. ఎకరాకి ఇరవై రెండు వేల లెక్కన వేస్తే పదకొండు సెంట్ల చోటు చాలు. "చూశావా మావయ్యా, ఇంతేగా!" అన్నాడు వాడు. ఒరేయ్, కలపడం చవకేరా, ఏరడమే ఖరీదు. ఆ రెండున్నర వేలల్లో ప్రతి మొక్క దగ్గరా వంగి ఎప్పుడు పూసింది, కాయ ఎంత గట్టిగా ఉంది, రుచెలా ఉందో రాసుకోవాలి. యాభై మిగిలితే గొప్ప. వాటిని వచ్చే ఏడాది పది పది రన్నర్లతో, వింటర్ డాన్‌ని పక్క వరుసలో పెట్టి పోల్చాలి. అయిదారు మిగులుతాయి. వాటిని ఇంకో రెండు మూడేళ్లు వేర్వేరు నేలల్లో వేసి చూడాలి. తర్వాత తెగులు లేని తల్లి మొక్కలు కావాలి, వాటిని వేలల్లోకి పెంచాలి. అంతా సవ్యంగా జరిగితే ఎనిమిదేళ్లు, పదేళ్లు. విశ్వవిద్యాలయాలకే అంత పడుతుంది. అన్నేళ్ల తర్వాత చేతికొచ్చింది వింటర్ డాన్‌కన్నా మెరుగ్గా లేకపోతే, పేరు మనదన్న తృప్తి తప్ప ఏమీ మిగలదు.

చట్టం అడ్డం రాదు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం నమోదైన రకాన్నైనా కొత్త రకం కోసం తల్లిగా వాడుకోవచ్చు. మన రకం ఇతరులవాటికి భిన్నంగా, మొక్కలన్నీ ఒకేలా, మారకుండా ఉంటే నమోదు చేసుకోవచ్చు. ఇలాంటి పంటలకి రక్షణ 15 ఏళ్లు. మాది చిన్న నర్సరీ కాబట్టి కాగితాల సంగతి తర్వాత.

చివరికి మా ఇద్దరికీ అసలు తగువు వచ్చింది ఏ గుణం కోసం ఏరాలన్న దగ్గర. వాడికి వేసవి తట్టుకోవాలి, తియ్యగా ఉండాలి, పెద్ద కాయ కావాలి, ఉప్పు నేలలో కూడా పెరగాలి. ఒకేసారి నాలుగు గుణాలు అడిగితే రెండున్నర వేలు కాదు, రెండు లక్షల మొక్కలు వేసినా చాలవు. పండు అమ్ముకునే రైతుకి వేసవితో పనేముంది? ఫ్లోరిడా వాళ్లలాగే అతనూ మొక్క లంబసింగి వైపు పెంచినది తెచ్చుకుంటాడు, ఫిబ్రవరిలో పీకేస్తాడు. అతనికి కావలసింది 18 డిగ్రీల రాత్రిలో కూడా పూసి, సంక్రాంతికి తట్ట నింపే మొక్క. కుండీ కొనుక్కెళ్లి డాబా మీద పెట్టుకునే గృహిణికి మాత్రం వేసవి దాటాలి. ఆవిడకి కాయ పరిమాణంతో పెద్దగా పట్టింపు లేదు. ఇవి రెండు వేర్వేరు రకాలు. రెండూ ఒకే మొక్కలో కావాలనడమే మావాడి పొరపాటు.

పండు కోసం సాగు చేసేవాళ్లెవరైనా నన్నడిగితే రకం పుట్టించే పని పెట్టుకోవద్దనే చెబుతాను. అయిదారు సెంట్లలో మూడు నాలుగు రకాలు తెచ్చి వేసి, మీ నేలకి ఏది కుదురుతుందో రెండు చలికాలాలు చూసుకోండి. మీకు అంతకన్నా అవసరం లేదు. నర్సరీ వాళ్లకైతే కుండీ రకం కోసం క్రాసింగ్ చేయడంలో అర్థముంది. వేసవి దాటే మొక్క ఎవరూ మనకోసం తయారు చేసి పెట్టరు. పైగా ఏరడానికి మనకి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు, మే నెల ఎండే ఆ పని చేసిపెడుతుంది. చచ్చినవి చావగా మిగిలినవే మన తల్లి మొక్కలు.

అలా ఒప్పందానికొచ్చాం. జనవరిలో వాడు లంబసింగి వెళ్లి, తెలిసినవాళ్ల చేలో నాలుగు క్రాసులు చేసొచ్చాడు. చల్లటిచోట గింజ బాగా కడుతుందని కలపడం అక్కడ, ఏరడం మాత్రం ఇక్కడే అని ముందే అనుకున్నాం. చలిచోట బాగుందని మెచ్చుకున్న మొక్క కడియంలో ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? తేదీలు రాసిన పొట్లాలు ఇప్పుడు మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనున్నాయి. జూలైలో షేడ్‌నెట్ కింద చల్లుతాం. వచ్చే మే దాకా వాటికి ఎవరూ ప్రత్యేకంగా నీడ పట్టకూడదని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. మొలక దశలో తప్ప అన్నాడు. సరే, అక్కడికి ఒప్పుకున్నాను.