99213 వేయాలా, 99214 వేయాలా? ఫాలోఅప్ చార్టులో ఏది నిలుస్తుంది?

అమెరికా క్లినిక్‌ల చార్టులను, అంటే రోగుల విజిట్ రికార్డులను, హైదరాబాద్‌లో కూర్చుని కోడ్ చేసేవారికి రోజూ తప్పని సందేహం ఇది. ఈ రెండూ పాత రోగి ఆఫీసు విజిట్‌కు బిల్లు వేసే కోడ్‌లు; 99214 ఒక మెట్టు పైది. అనుమానం వస్తే 99213 వేసేయండి, ఆడిట్‌లో ఇబ్బంది ఉండదని కొత్తవారికి చెప్పే సీనియర్లు ఉన్నారు. ఆ సలహాతో నేను ఏకీభవించను. తగ్గించి వేసినా అది తప్పు కోడే. డాక్టరు చేసిన పనికి న్యాయంగా రావలసిన సొమ్ముకు కోత పడుతుంది.

2021 జనవరి 1 నుంచి ఆఫీసు విజిట్లలో హిస్టరీ, ఎగ్జామ్ ఎంత పొడవున్నాయన్నది స్థాయిని నిర్ణయించదు. ఎండీఎం (డాక్టరు తీసుకున్న వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమన్నది) గానీ, ఆ రోజు పట్టిన మొత్తం సమయం గానీ చూడాలి. ఎండీఎంలో సమస్యలు, డేటా (రాసిన, చూసిన పరీక్షల వంటివి), రిస్క్ అని మూడు అంశాలు. వాటిలో రెండు ఆ స్థాయిని అందుకుంటే చాలు.

బీపీ ఒక్కటే ఉన్న రోగి వచ్చాడనుకుందాం. 128/78 ఉంది, లక్ష్యంలోనే ఉంది, అదే మాత్ర కొనసాగించారు. మందు గురించి ఆలోచించి నిర్ణయించారు కాబట్టి రిస్క్ మోడరేట్, అంటే 99214 స్థాయి. కానీ అదుపులో ఉన్న దీర్ఘకాలిక జబ్బు ఒక్కటే, కొత్త పరీక్షలేమీ లేవు. కాబట్టి 99213. అదే రోగికి అదుపులో ఉన్న థైరాయిడ్ కూడా ఉండి, డాక్టరు రెండింటినీ చూసి మందులు నిర్ణయిస్తే 99214.

చాలామంది తడబడేది షుగరు దగ్గర. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) పోయినసారీ 8.2, ఈసారీ 8.2. మార్పు లేదు కదా అని స్టేబుల్ అనేస్తారు. రోగికి పెట్టిన లక్ష్యం 7 అయినప్పుడు అది స్టేబుల్ కాదు. నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. మెట్‌ఫార్మిన్ మోతాదు పెంచారా, ఇక సందేహమే లేదు, 99214.

డేటాలోనూ ఒక గొయ్యి ఉంది. పోయిన విజిట్‌లో రాసిన పరీక్షల ఫలితాలను ఈసారి చూశారని మళ్లీ లెక్కించకూడదు. పరీక్ష రాసినప్పుడే దాని రివ్యూ కూడా అందులో కలిసిపోయింది. ఫాలోఅప్ చార్టుల్లో అనవసరంగా 99214కు ఎక్కించే పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

సమయం లెక్కన 99213కు కనీసం 20 నిమిషాలు, 99214కు కనీసం 30. ఒకే జబ్బు, అదీ అదుపులోనే ఉన్నా, రోగి భయాలకు ఓపికగా సమాధానం చెప్పి, నోట్సు రాసి డాక్టరు మొత్తం 34 నిమిషాలు గడిపినట్లు నమోదు చేస్తే 99214 వేయవచ్చు. నర్సు గడిపిన సమయాన్ని ఇందులో కలపకూడదు.

నా మటుకు ముందు ఎండీఎం చూస్తాను, సమయం రాసి ఉంటే ఆ తర్వాత దానితో పోల్చి చూస్తాను. రెండింటిలో ఏది పై స్థాయిని సమర్థిస్తే అది తీసుకోవచ్చు. కానీ చార్టులో మందుల జాబితా మాత్రమే ఉండి, నిర్ణయం ఏదీ కనిపించకపోతే మందుల నిర్వహణ జరిగిందని ఊహించి వేయకూడదు. డాక్టరుకు క్వెరీ పంపాలి. జవాబు వచ్చేదాకా ఆ చార్టును పక్కన పెట్టాలి.