స్టాకు ఎంత వేయమంటారు?

ఏటా సెప్టెంబరులో, ఆడిట్ గడువు నాలుగు రోజులుందనగా, మా ఆడిటరు గారి ఆఫీసు నుంచి ఫోను వచ్చేది. “సార్, ఈసారి క్లోజింగ్ స్టాకు ఎంత వేయమంటారు?” అంటే, మార్చి 31 నాటికి షాపులో మిగిలిన సరుకు విలువ ఎంతని రాయమంటారని. పోయిన ఏడు ఎంత వేశారని అడిగేవాణ్ణి. అంకె చెప్పేవారు. “దానికో రెండు లక్షలు కలపండి” అనేవాణ్ణి. అంతే, మా షాపు ఏడాది లాభం తేలిపోయేది.

మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల హోల్‌సేల్ షాపు. నాన్నగారు పెట్టారు, పాతికేళ్ళుగా గల్లాలో నేను కూర్చుంటున్నాను. కింగ్‌పిన్ సెట్లు, క్లచ్ ప్లేట్లు, వాటర్ పంపులు, కమాను పట్టీలు, అన్నీ కలిపి నాలుగు వేల రకాల పైమాటే. ఇన్ని రకాలున్న షాపులో స్టాకు విలువను ఫోనులో తేల్చడం తప్పని తెలియక కాదు. లెక్కపెట్టే ఓపిక లేక.

2024 ఫిబ్రవరిలో ఒక అకౌంట్స్ సర్వీసుకు పద్దులన్నీ అప్పగించాం. ఇది వాళ్ళ పనితనం మీద నా సమీక్ష. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక పేరు రాయను. నెలకు 9 వేలు, మార్చి చివర స్టాకు లెక్కకు విడిగా 15 వేలు, పైన జీఎస్టీ. ఆడిట్ సంతకం పెట్టేది మాత్రం ఇప్పటికీ మా పాత ఆడిటరు గారే.

ఆ ఏడాది మార్చి 31 ఆదివారం పడింది. షాపు ఎలాగూ సెలవే. ఉదయం ఎనిమిదికల్లా ఒక అమ్మాయి, ఇద్దరు కుర్రాళ్ళు కాగితాల కట్టలతో దిగారు. ఆ కాగితాల మీద పార్టు నంబరు ఉంది, ర్యాకు నంబరు ఉంది, ఎన్ని ఉండాలన్న అంకె మాత్రం లేదు. అదేమని అడిగితే, “ఉంటే మీ గుమాస్తా గారు డబ్బా తెరవకుండానే అదే అంకె రాసేస్తారు సార్” అంది ఆ అమ్మాయి. మా గుమాస్తా మొహం చూడాల్సింది. పోయినసారి, అంటే పదేళ్ళ క్రితం, సరిగ్గా అలాగే రాశాడు మరి.

మధ్యాహ్నానికి అటక దగ్గరికి వచ్చారు. నిచ్చెన మూడో మెట్టు విరిగి ఉంటే, దాన్ని దాటుకుంటూ ఎక్కారు. పైన అంబాసిడర్ సరుకు ఉంది. నాన్నగారి రోజుల్లో ఈ వీధిలో టాక్సీవాళ్ళు బారులు తీరేవారు. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది, మా అటక మీద మాత్రం ఆగలేదు. పుస్తకాల్లో దాని విలువ కొన్న ధరకే 3 లక్షల 40 వేలు. ఆ అమ్మాయి ఒక బ్రేకు సిలిండరు డబ్బా తెరిచింది. లోపల రబ్బరు సీలు వేలు తగలగానే మట్టిలా రాలింది. “ఇవన్నీ ఇవాళ అమ్మితే ఎంత వస్తుంది సార్?” అని అడిగింది. పాత ఇనుము ధర చెప్పాను. నలభై వేలు రావడం కష్టం.

కొన్న ధర, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికే స్టాకు వేయాలని అకౌంటింగ్ ప్రమాణం చెబుతోందట. అదీ గంపగుత్తగా కాదు, ఏ రకానికి ఆ రకం విడిగా చూడాలి. ఇంటికెళ్ళి నాన్నగారికి చెబితే, “కొన్న సరుకు కొన్న ధరకే ఉంటుంది గాని తరుగుతుందా? ఎప్పటికైనా ఎవడో ఒకడు వస్తాడు” అన్నారు. నేనూ నిన్నటిదాకా అదే అన్నాను.

అన్నీ కూడి, ధరలు కట్టి తేల్చిన అంకె 71 లక్షలు. ఆదాయపు పన్ను కాగితాల్లో అంతకు ముందు ఏడు మేం చూపించింది 82. నెలనెలా బ్యాంకుకు ఇచ్చే స్టాకు స్టేట్‌మెంట్లో, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, 95. ఓడీ, అంటే స్టాకు చూసి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు, దాని పరిమితి తగ్గకూడదని ఎప్పుడో మొదలైన అంకె అది, తర్వాత దిగనే లేదు. ఒకే షాపు, మూడు స్టాకులు.

ఈ 82కూ 71కీ మధ్య తేడా ఉంది చూశారూ, నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. మిగిలిన స్టాకు ఎక్కువ వేస్తే అమ్మిన సరుకు ఖర్చు తగ్గి, లాభం ఎక్కువ పడుతుంది. అంటే లేని 11 లక్షల సరుకు మీద ఏళ్ళ తరబడి లాభం చూపించి పన్ను కట్టాను. పన్ను ఎగ్గొట్టినవాళ్ళ కథలు విన్నాను గాని, ఎదురు కట్టినవాణ్ణి నన్నే చూశాను. అటక పోగా మిగతాది వారంటీ కింద కంపెనీలకు పంపి తిరిగి రాని వాటర్ పంపులు, చేతి చీటీల మీద మెకానిక్కులకు ఇచ్చి బిల్లు చేయడం మరిచిపోయిన సరుకు.

ఇక ధర కట్టే పద్ధతి. ఒక బేరింగు 400 చొప్పున పది కొన్నాం, తర్వాత ధర పెరిగి 460 చొప్పున ఇరవై కొన్నాం. పన్నెండు అమ్ముడుపోయాయి, పద్దెనిమిది మిగిలాయి. ముందొచ్చింది ముందు పోయిందనుకుంటే మిగిలినవన్నీ 460 ధరవే, 8,280 రూపాయలు. సగటు తీస్తే ఒక్కోటి 440, మొత్తం 7,920. మేం ఇదివరకు ఏం చేసేవాళ్ళమంటే, దేనికైనా చివరి బిల్లు ధరే వేసేవాళ్ళం. వీళ్ళు సగటు పెట్టారు. నచ్చిన ఏడు ఒకటి, నచ్చని ఏడు ఇంకొకటి కుదరదని గట్టిగా చెప్పారు.

ఇంతవరకు నూటికి నూరు మార్కులు. ఇప్పుడు నా కోపాలు.

మొదటిది టార్గెట్ డిస్కౌంటు. ఏడాదిలో ఇంత సరుకు ఎత్తితే ఇంత శాతమని కంపెనీలు ఇస్తాయి. ఆ మేరకు మన బాకీ తగ్గించినట్టు రాసిచ్చే క్రెడిట్ నోటు మే నెలలో గాని రాదు. మాకు ఒక కంపెనీ దగ్గర 60 లక్షల కొనుగోలుకు 2 శాతం, లక్షా 20 వేలు వచ్చింది. అందులో పావు వంతు సరుకు ఇంకా ర్యాకుల్లోనే ఉంటే, 30 వేలు ఆ సరుకు ధరలోంచి తగ్గాలి. మొదటి ఏడాది వీళ్ళు మొత్తం లాభంలో వేసేశారు. పట్టుకున్నది మా పాత ఆడిటరు గారు! ఏటా ఫోనులో స్టాకు అడిగిన ఆఫీసే ఈ తప్పు పట్టిందంటే, ఎవరినీ తేలిగ్గా తీసేయకూడదు.

రెండోది జీఎస్టీ మారినప్పుడు. 2025 సెప్టెంబరు 22, సోమవారం, శరన్నవరాత్రుల మొదటి రోజు. మా సరుకులో సింహభాగం 28 నుంచి 18 శాతానికి దిగింది. ముందు రోజు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని కంప్యూటర్లో రేట్లన్నీ మార్చారు. 28 కట్టి కొన్న సరుకు 18కి అమ్మితే పది శాతం మునిగినట్టేనని వీధి వీధంతా గగ్గోలు పెడుతుంటే, కట్టిన పన్ను క్రెడిట్ లెడ్జర్లో, అంటే జీఎస్టీలో మన జమ ఖాతాలో, అలాగే ఉంటుందని, ముందు ముందు అమ్మకాల పన్నుకు సర్దుకోవచ్చని, తిరిగి డబ్బుగా మాత్రం రాదని కాగితం మీద గీసి చూపించారు. బాగుంది. కానీ ట్రాక్టరు క్లచ్ సెట్లు 5 శాతానికి దిగాయన్నది చూసుకోలేదు. గన్నవరం నుంచి వచ్చిన ఒక మెకానిక్కు బిల్లు నా చేతికే తిరిగిచ్చాడు. పదకొండు బిల్లులకు క్రెడిట్ నోట్లు రాసుకున్నాం. వాళ్ళు క్షమించమన్నారు గాని, ఆ నెల ఫీజులో పైసా తగ్గించలేదు.

మూడోది నెల నివేదిక. పద్నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. నాకు కావలసింది ఒక్క పేజీ: ఏ సరుకు ఏడాదిగా కదలలేదు, ఎవరి దగ్గర మన డబ్బు తొంభై రోజులు దాటింది, రాజ్‌కోట్, లూధియానాల చిన్న తయారీదారుల్లో ఎవరికి నలభై ఐదు రోజుల్లోపు కట్టాలి. గడువూ దాటి, మార్చి 31 లోపూ కట్టకపోతే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాదికి ఆ కొనుగోలు ఖర్చుగా ఒప్పుకోరు మరి. ఆరు నెలలు అడగ్గా ఇప్పుడు ఆ పేజీ తెలుగులో వస్తోంది. పద్నాలుగూ వస్తూనే ఉన్నాయి.

నెల బేరం మూడు నాలుగు లక్షలు దాటని చిల్లర షాపుకు ఈ ఫీజు దండగ. గోడౌనూ, ఓడీ, నాలుగైదు కంపెనీల డీలర్షిప్పూ ఉన్నవాళ్ళు మాత్రం ఒక్కసారైనా ఇలా లెక్కపెట్టించుకోండి. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను.

2026లో మార్చి 31 మంగళవారం. షాపు మూయలేమంటే, 29 ఆదివారమే లెక్కపెట్టి, తర్వాతి రెండు రోజుల కొనుగోళ్ళు కలిపి, అమ్మకాలు తీసేసి సరిచేస్తామన్నారు. మా గుమాస్తా నిచ్చెనకు మూడో మెట్టు వేయించాడు.