మందు మానిన రెండేళ్లు, చేతికి ఒక బ్యాండు

విజయనగరంలో అయ్యకోనేరు గట్టున పొద్దున్నే నడిచేవాళ్లలో చాలామంది చేతులకి ఇప్పుడు ఈ పల్స్ చూపించే బ్యాండ్లే. నేను కొన్నది నడక కోసం కాదు. రోజూ క్వార్టర్, ఆదివారమైతే ఇంకోటి. "నా గుండెకేం కాలేదు, చూసుకో" అని మా ఆవిడకి చూపించడానికి కొన్నాను. అది నన్నే పట్టించింది.

తాగిన రాత్రుళ్లు నిద్రలో కూడా పల్స్ 82, 84. హెచ్‌ఆర్‌వీ అని ఇంకో అంకె ఉంటుంది. గుండె ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య తీసుకునే సమయం కొద్దికొద్దిగా మారుతుంటుంది, అలా మారడమే మంచిది. మందు ఆ తేడాని తగ్గించేస్తుంది. నాది 18 దాటేది కాదు.

ఆర్నెల్ల తర్వాత ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేశాను. రెండో రోజు చేతులు వణుకు, చెమటలు, కూర్చున్నచోటే పల్స్ 118. బ్యాండు కిక్కురుమనలేదు. 120 దాటితేనే మోగేలా కంపెనీవాళ్లు పెట్టారట! అంకె చూసి మా ఆవిడే ఆసుపత్రికి లాక్కెళ్లింది. రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ కూడా రావచ్చని, మందులతో డాక్టర్ దగ్గరే మానాలని అక్కడ చెప్పారు. ఇది చదివి మానాలనుకునేవాళ్లు ముందు మత్తు మానడానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

తర్వాత ఆవిడకీ అదే బ్యాండు కొన్నాను. వారం తిరక్కుండానే గొడవ. "ఏటండీ ఇది, తాగింది మీరు, దడ నాకేటి?" నాది అప్పటికి 68కి దిగింది, ఆవిడది 75. ఆడవాళ్ల గుండె చిన్నది, అందుకే కొంచెం వేగంగా కొట్టుకుంటుందని డాక్టరమ్మ చెప్పారు. హెచ్‌ఆర్‌వీ మాత్రం ఆవిడదే ఎక్కువ, 40 పైన. వేగం ఎక్కువైనా గుండెని నెమ్మదిపరిచే లోపలి బ్రేకు గట్టిదన్నమాట. కాబట్టి మొగుడూ పెళ్లాలు ఒకరి అంకె పక్కన ఒకరి అంకె పెట్టి పోల్చుకోకండి, మా ఇంట్లో ఆ టెన్షన్ నెల్లాళ్లు నడిచింది.

ఆసుపత్రిలో నేనున్న వార్డులోనే బీపీ పేరు చెప్పి చేరిన ఒకామె ఉండేది. నాకన్నా తక్కువే తాగేదట, నాకన్నా బాగా దెబ్బతింది. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అదే గ్లాసు రక్తంలో ఎక్కువగా చేరుతుందట. చూడటానికి ఒక్కరూ రాలేదామెకి. నాకు మాత్రం పళ్లు తెచ్చినవాళ్లే తెచ్చారు.

మానిన ఎనిమిదో నెలలో, సిరిమానోత్సవం రాత్రి, చుట్టాల మాట కాదనలేక రెండు పెగ్గులు వేశాను. తెల్లారి చూస్తే రాత్రంతా 81. ఆవిడ ఏమీ అనలేదు, ఫోన్ నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా పల్స్ 63, హెచ్‌ఆర్‌వీ 34. బ్యాటరీ వారం వస్తుంది. మన ఉక్కపోతకి పట్టీ జారితే అంకెలు పిచ్చిపిచ్చిగా చూపిస్తుంది, నిద్రలోవే నమ్మండి. పట్టీ రెండుసార్లు తెగింది.