ఎస్పీ రోడ్‌లో దొరికే 8 ఛానెళ్ల లాజిక్ అనలైజర్: సీరియల్ డేటాని పీపీఎస్‌తో సరిచూసుకోవడానికి ఇది చాలు

బెంగళూరు ఎస్పీ రోడ్‌లో అమ్మే 24 మెగాహెర్ట్జ్, 8 ఛానెళ్ల లాజిక్ అనలైజర్ గురించి రాస్తున్నా, అంటే వైర్ల మీద సిగ్నల్ ఎప్పుడు పైకి లేచిందో ఎప్పుడు పడిందో రికార్డు చేసే చిన్న యూఎస్‌బీ డబ్బా. ఆసిల్లోస్కోపు ధర ముందు దీనిది ఒక లెక్కే కాదు. రెండు మూడు సెన్సర్ల సీరియల్ డేటాని బయటి పల్స్‌తో, అంటే జీపీఎస్ మాడ్యూల్ సెకనుకోసారి ఇచ్చే పీపీఎస్ లాంటి దానితో, జత చేయాలనుకునేవాళ్లు వెంటనే కొనుక్కోండి.

ఎందుకంటే, మామూలుగా అందరూ బైట్ ల్యాప్‌టాప్‌కి చేరగానే టైమ్‌స్టాంప్ వేసేస్తారు. కానీ అది డేటా సెన్సర్ నుంచి బయల్దేరిన టైము కాదు కదా! సీరియల్ డేటాని యూఎస్‌బీకి మార్చే ఎఫ్‌టీ232 చిప్పునే తీసుకోండి, బఫర్ నిండకపోతే డిఫాల్ట్‌గా 16 మిల్లీసెకన్ల దాకా డేటాని తన దగ్గరే ఆపుకుంటుంది. దాన్ని 1కి తగ్గించుకోవచ్చు, అయినా ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరయ్యే ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి తీసేసి లెక్క కడదామన్నా కుదరదు.

ఈ డబ్బాలో ఆ గొడవ లేదు, వైర్లన్నిటికీ ఒకటే క్లాకు. నేను 0వ ఛానెల్‌కి నియో-6ఎం జీపీఎస్ మాడ్యూల్ పీపీఎస్ పిన్, 1కి దాని టీఎక్స్ (డేటా పంపే పిన్), 2, 3లకి సెన్సర్ల టీఎక్స్ ఇచ్చి, గ్రౌండ్లన్నీ కలిపేశాను. పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్‌లో సీరియల్ సిగ్నల్‌ని బైట్లుగా చదివే యూఆర్ట్ డీకోడర్ పెడితే పల్స్ పైకి లేచిన చోటు, ఆ వెనకే 9600 బాడ్‌లో (సెకనుకి 9600 బిట్లు) జీపీఎస్ పంపే టెక్స్ట్ లైను, కింద సెన్సర్ల బైట్లు, అన్నీ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఆ జీపీఎస్ లైనులో ఉండే టైము దానికి ముందు వచ్చిన పల్స్‌ది, తర్వాతి పల్స్‌ది కాదు, ఇక్కడ పొరబడితే మొత్తం డేటా ఒక సెకను జరిగిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది పల్స్ కూడా రికార్డింగులోనే ఉండటం. 1 మెగాహెర్ట్జ్‌లో తీస్తే రెండు పల్స్‌ల మధ్య 10 లక్షల శాంపిళ్లు రావాలి, కొన్ని పదులు అటూ ఇటూ అవుతాయి. ఆ తేడా డబ్బాలోని చవక క్రిస్టల్‌ది, ప్రతి సెకనుకీ దాన్ని సరిచేసుకోవచ్చు. 115200 బాడ్‌లో ఒక బిట్ 8.68 మైక్రోసెకన్లు, కాబట్టి 1 మెగాహెర్ట్జ్ సరిపోతుంది. 24కి పెట్టి యూఎస్‌బీ హబ్ ద్వారా లాగితే మధ్యలో రికార్డింగ్ ఆగిపోవచ్చు.

లోపాలు లేకపోలేదు. హార్డ్‌వేర్ ట్రిగ్గర్ (ఫలానా సిగ్నల్ రాగానే రికార్డింగ్ మొదలుపెట్టేది) లేదు, ట్రిగ్గర్ పని అంతా సాఫ్ట్‌వేర్‌లోనే. పాత సీరియల్ పోర్టుల్లో ఉండే ఎక్కువ వోల్టేజీ ఆర్‌ఎస్-232 లైన్ నేరుగా తగిలిస్తే డబ్బా పోవచ్చు, మధ్యలో ఆ వోల్టేజీని మార్చే మ్యాక్స్3232 చిప్పు పెట్టాల్సిందే. విండోస్‌లో జాడిగ్ అనే ప్రోగ్రాంతో డ్రైవర్ మార్చుకోవాలి. దీంతో వచ్చే వైర్లు మరీ వదులు, మంచి క్లిప్పులు విడిగా తీసుకోండి. మారతహళ్లి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు జీపీఎస్ యాంటెన్నాని బాల్కనీలోకి పెట్టండి, ఉపగ్రహాలు దొరికి ఫిక్స్ రాకపోతే పల్సే రాదు.

కొనేటప్పుడు షాపులోనే ల్యాప్‌టాప్‌కి పెట్టి 8 ఛానెళ్లూ ఒక్కొక్కటిగా 3.3 వోల్టులకి తాకించి చూసుకోండి. నాకు మొదట ఇచ్చిన దాంట్లో ఒక ఛానెల్ పనిచేయలేదు, షాపాయన "ఇంకోటి చూడండి సార్" అని తెలుగులోనే అంటూ అక్కడికక్కడే మార్చి ఇచ్చాడు.