ఆర్‌ఎక్స్ 100 కార్బరేటర్ రబ్బరు: మొగిలి ఘాట్‌లో తెలిసొచ్చిన సంగతి

నాలుగేళ్ల కిందట బెంగళూరు జేసీ రోడ్డులో నా యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుకి కార్బరేటర్ రబ్బరు, అంటే కార్బరేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బరు గొట్టం, కొన్నాను. ఒరిజినల్‌లో సగం ధర. బాగుందని ఇద్దరు స్నేహితుల చేత కూడా కొనిపించాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

పది నెలలు ఏ ఇబ్బందీ లేదు. సంక్రాంతికి చిత్తూరు బయలుదేరాం. వెనక మా ఆవిడ, ఆమె ఒళ్లో పండగ బట్టల సంచి. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతుంటే రేసు వదిలేసినా ఇంజన్ స్పీడు తగ్గడం లేదు. పక్కకు ఆపి న్యూట్రల్ చేసినా ఒకటే అరుపు. కేబుల్ పట్టేసిందేమోనని చూశాను, బాగానే ఉంది. ప్లగ్గు విప్పితే మొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. అప్పుడు భయం వేసింది. టూ స్ట్రోక్ బండికి పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. చోక్ సగం లాగి, ముప్పై దాటకుండా ఎలాగో ఊరు చేరాం.

అక్కడి మెకానిక్ బండి స్లోలో పెట్టి, రబ్బరు చుట్టూ కార్బరేటర్ క్లీనర్ కొట్టాడు. వెంటనే ఇంజన్ శబ్దం మారిపోయింది. విప్పి వంచి చూపించాడు: అల్యూమినియం ప్లేటుకు అతికిన చోట, లోపలి వైపు, గోరంత పగులు. అందులోంచే గాలి లోపలికి దూరుతోందన్నమాట. బయటి నుంచి చూస్తే కొత్తదానిలా ఉంది!

బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తు. గాలి పలచన కాబట్టి మిక్చర్ కాస్త రిచ్‌గా, అంటే పెట్రోలు పాళ్లు ఎక్కువగా ఉండి చిన్న లీకు బయటపడదు. కిందికి దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది, ఆ వెసులుబాటు పోతుంది.

తర్వాత కంపెనీ ప్యాకింగ్‌ది తెచ్చి, వేడినీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక నేనే ఎక్కించాను. మూడేళ్లు, తొమ్మిది వేల కిలోమీటర్లు. స్లో పెట్టిన చోటే నిలబడుతోంది. ఆ శబ్దం వింటుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. అయితే పోయిన నెల వంచి చూస్తే మునుపటికన్నా గట్టిపడింది, క్లిప్పు ఒక చుట్టు బిగించాల్సి వచ్చింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక పాత బండ్ల రబ్బర్ల మీద నాకు అనుమానంగానే ఉంది. పైగా నాది వారాంతం బండి, నీడలో ఉంటుంది. రోజూ సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఉడికే బండికి ఇన్నాళ్లు రాకపోవచ్చు.

ఆ స్నేహితుల్లో ఒకడి బండికి ఇంకా సగం ధర రబ్బరే ఉంది. వాడు హోసూరు దాటి వెళ్లడు, బాగానే నడుస్తోందంటాడు. కృష్ణగిరి వైపు దిగే పని పడితే మాత్రం ముందు ఒకసారి విప్పి, వంచి చూడమన్నాను.